తల కడిగే చేతులు

జ్వరం తగ్గిన మర్నాడు పొద్దున టైలరమ్మ మంచం దిగబోతే కాళ్ళు మాట వినలేదు. నీరసమేమో అనుకుని గోడ పట్టుకుని లేవబోయింది. లేవలేక అక్కడే కూలబడింది. మధ్యాహ్నానికి వేళ్ళు కూడా మొద్దుబారాయి. మంచం పక్కనున్న కత్తెర అందుకోబోతే అది జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకు అత్తగారు వంటగదిలోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"చెయ్యి నాది కానట్టుంది అత్తయ్యా," అంది టైలరమ్మ. ఆ మాట కూడా ముద్దముద్దగా వచ్చింది.

అత్తగారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. వీధి మలుపులో పంక్చర్ షాపు నడుపుతున్న కొడుక్కి కబురు పంపింది. ఆయన్ను అందరూ గాలి మామ అంటారు. మనిషి గాలి మనిషి కాదు, చక్రాలకు గాలి కొట్టడం ఆయన పని, అంతే. చేతికున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా వచ్చి, భార్యను ఎత్తుకుని ఆటో ఎక్కించాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి చెప్పారు. నరాల జబ్బు. ఏదైనా జ్వరం వచ్చి తగ్గాక కొందరికి ఇలా అవుతుందట. చాలామంది కోలుకుంటారు, కాకపోతే నెలలు పడుతుంది. ఓపిక పట్టాలి.

ఓపిక అనే మాట చెప్పడానికి చిన్నదే. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ముందుగదిలోనే, కుట్టుమిషను పక్కన ఆమెకు మంచం వేశారు. సగం కుట్టిన బట్టలు ఎదురుగా తాడు మీద వేలాడుతుంటే టైలరమ్మ వాటిని చూస్తూ పడుకునేది. ఒక చొక్కాకు కాలరు లేదు, ఒక గౌనుకు చేతులు లేవు. తనూ వాటిలాగే ఉందనిపించేది. అన్నం ఎవరో పెట్టాలి. ఒళ్ళు ఎవరో తుడవాలి. ముక్కు మీద ఈగ వాలితే ఎవరినో పిలవాలి.

మోకాళ్ళ నొప్పులున్నా అత్తగారు చేయగలిగినదంతా చేసింది. చేయలేనిది ఒక్కటే, తల. టైలరమ్మది ఒత్తైన పొడుగాటి జుట్టు. పడుకుని పడుకుని అది వెనకాల ముద్దకట్టి అట్టలా అయిపోయింది. చెమట వాసన. దురద పుడితే గోక్కోవడానికి చెయ్యి లేవదు. తలను దిండుకేసి అటూ ఇటూ రుద్దుకునేది. చూసి చూసి ఒకరోజు అత్తగారు నెమ్మదిగా అంది:

"కత్తిరించేద్దామా తల్లీ? మళ్ళీ పెరుగుతుందిలే."

టైలరమ్మ తల గోడ వైపు తిప్పుకుంది. కాళ్ళు పడిపోయిన రోజు ఏడవనిది ఆరోజు ఏడ్చింది.

పక్క వీధిలోని ప్రార్థనామందిరానికి టైలరమ్మ ఆదివారాలు వెళ్ళేది కానీ తలుపు దగ్గర కూర్చుని, ఆఖరి ప్రార్థన పూర్తికాకముందే లేచొచ్చేది. ఆదివారమే బట్టలు తీసుకెళ్ళేవాళ్ళు ఎక్కువ మరి. అక్కడ ఆమెకు బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ముందు వరసలో కూర్చునే ఒక ముసలావిడ మాత్రం అందరికీ తెలుసు. పాస్టరుగారు వాక్యం సగంలో ఉండగానే ఆవిడ గట్టిగా "ఆమెన్!" అనేస్తుంది. ఒకసారి ఆయన "నిన్న రాత్రి నాకు విపరీతమైన పంటినొప్పి" అనగానే "ఆమెన్!" అంది. ఆరోజు నుంచి ఆవిడ పేరు ఆమెన్ మామ్మ అయింది.

అత్తగారు కత్తెర మాట ఎత్తిన కొద్ది రోజులకే, సంగతి ఎవరి ద్వారానో విని, ఆమెన్ మామ్మ బకెట్టూ మగ్గూ పట్టుకుని గుమ్మంలో దిగింది.

"ఆసుపత్రి లాండ్రీలో జన్మంతా దుప్పట్లు ఉతికాను. ఒక్క తల కడగలేనా? జరుగు వదినా," అంటూ అత్తగారిని పక్కకు తప్పించింది.

పరుపు మీద పాత ప్లాస్టిక్ గుడ్డ పరిచి, టైలరమ్మను మంచం అంచుకు జరిపి, మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోసింది. నీళ్ళు సగం బకెట్లో పడ్డాయి, సగం పరుపులోకి ఇంకాయి. కొన్ని టైలరమ్మ చెవిలోకి వెళ్ళాయి. మిగిలినవి గచ్చు మీద పారి కుట్టుమిషను కిందికి చేరాయి.

"ఇల్లు చెరువు చేస్తున్నావు!" అని అత్తగారు కేకలేసింది.

"చేపలు పట్టుకో!" అంది మామ్మ.

ఆ మాటకు టైలరమ్మ నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు విని చాలాకాలమైంది. అత్తగారు ఇక కోప్పడలేక గుడ్డ తెచ్చి నీళ్ళు తుడవసాగింది.

తల ఆరాక మామ్మ నూనె సీసా తీసుకుని కూర్చుంది. కత్తెర ముట్టుకోనివ్వలేదు. ముడి పడిన జుట్టును పాయ పాయగా విడదీస్తూ, నూనె రాస్తూ, వేలితో సందు చేస్తూ సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. మధ్యమధ్యలో శ్రుతి లేకుండా ఏదో పాడుకుంది. తన మాడు మీద కదులుతున్న ఆ గరుకువేళ్ళు తగులుతుంటే టైలరమ్మకు ఒళ్ళంతా ప్రాణం తిరిగొచ్చినట్టుంది.

"ఎందుకు మామ్మా మీకింత శ్రమ? నేను మీకేమీ కాను."

"శ్రమేంటే? ప్రభువు నన్ను ఎన్నిసార్లు లేవనెత్తాడో నీకేం తెలుసు? అది గుర్తొస్తే కుదురుగా కూర్చోలేను. నీ తల దొరికింది, కడిగాను. ఇందులో ఎందుకేముంది?"

ఆ తర్వాత వారం వారం వచ్చేది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేవారు, సంఘంలోని ఆడవాళ్ళు వంతులేసుకుని వంట చేసి పంపేవారు. అవన్నీ టైలరమ్మ మరిచిపోలేదు. కానీ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటే మాత్రం ముందుగా ఆ వేళ్ళే గుర్తొచ్చేవి.

ఒకరోజు పొద్దున గాలి మామ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని ఉండగా బొటనవేలు కదిలింది. కదిపితే ఎగిరిపోయే పిట్టను పట్టుకున్నట్టు ఆ చేతిని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. మెల్లగా మిగతా వేళ్ళు లేచాయి. తర్వాత మోచేయి. కాళ్ళు ఆఖరున వచ్చాయి. సూదిలో దారం ఎక్కించడానికి మొదటిసారి కూర్చున్నప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. తన ఊపిరికి దారం ఎక్కడ కదిలిపోతుందోనని అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసార్లు తప్పి చివరికి దారం ఎక్కింది. "స్తోత్రం!" అని అరిచిన గొంతు ఎవరిదని చూస్తే, ఎప్పుడూ మందిరం బయటే స్కూటరు మీద కూర్చుని ఎదురుచూసే గాలి మామది.

నడవగలిగాక టైలరమ్మ మందిరానికి వెళ్ళింది. ఈసారి లోపల కూర్చుంది, ఆఖరి ప్రార్థన దాకా ఉంది.

ఇంటికొస్తూ భర్తతో అంది, "నేనూ తలలు కడుగుతాను. మంచం మీదున్నవాళ్ళవి."

"మామ్మలాగానా? ఊళ్ళో ఇళ్ళన్నీ చెరువులే," అన్నాడాయన. అన్నాడే కానీ మర్నాడు షాపులోంచి పాత కారు ట్యూబు ఒకటి తెచ్చి, అతుకులేసి, సగం గాలి కొట్టి మంచం మీద పెట్టాడు. "ఇదిగో, మెడ ఈ అంచు మీద ఆనుతుంది, మెత్తగా ఉంటుంది. తల మధ్యలోకి వస్తుంది. నీళ్ళు బయటికి పోవు."

టైలరమ్మ ఆ ట్యూబుకు సరిపోయేలా మందపాటి ప్లాస్టిక్ గుడ్డ కుట్టింది. ఒక చివర గొట్టంలా చేసి బకెట్లోకి వదిలింది. మొదట అత్తగారి తల మీదే పరీక్ష చేశారు. చుక్క నీరు కింద పడలేదు. అత్తగారు ఆ ట్యూబులోనే నిద్రపోయింది.

వెనక వీధిలో ఇళ్ళకు రంగులేసే ఆయన భార్య మెట్ల మీంచి పడి నడుము విరగ్గొట్టుకుని మంచంలో ఉంది. టైలరమ్మ మొదట ఆవిడ దగ్గరికే వెళ్ళింది. జుట్టు నిండా పేలు. రెండు మూడు విడతలుగా కడిగి, దువ్వి, శుభ్రం చేసేసరికి ఆవిడ టైలరమ్మ చేతిని పట్టుకుని వదల్లేదు. టైలరమ్మ తేలిపోతున్నట్టు ఇంటికొచ్చింది. ఆ తర్వాత పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ, కాన్పు కష్టమై లేవలేని ఒక అమ్మాయి, ఇలా ఒకరి తర్వాత ఒకరు కబురు పంపారు. పొద్దున మిషను, మధ్యాహ్నం ట్యూబు. స్కూటరు వెనక ట్యూబును భుజానికి తగిలించుకుని కూర్చుంటే, "ఈతకా?" అని అడిగేవాళ్ళు.

సంగతి పాస్టరుగారి చెవిన పడింది. "ఆదివారం అందరి ముందుకొచ్చి, దేవుడు నీకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమ్మా, నలుగురికీ ధైర్యం కలుగుతుంది," అన్నారు.

టైలరమ్మ చెప్పింది. తన జబ్బు, మామ్మ చేతులు, కదిలిన బొటనవేలు. వింటున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి "ఎంత సేవ చేస్తున్నావమ్మా!" అన్నారు. ఆ మాట చెవికి తియ్యగా ఉంది. తర్వాత ఆదివారం ఎవరూ అడక్కుండానే లేచింది. ఆ పై ఆదివారం కూడా. చెప్పినకొద్దీ మాట చాతుర్యం పెరిగింది. ఒకరోజు ఊపులో నోరు జారింది. "వెనక వీధిలో నడుము విరిగి పడుకున్న ఒక అక్క తలలో ఎన్ని పేలో! దువ్వెన ఒక్కసారి దించితే ఒక సైన్యం దిగింది!" అంది. అందరూ నవ్వారు. ఆమె పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. వెనక వీధిలో నడుము విరిగినావిడ ఒక్కరే.

ఆమెన్ మామ్మ మాత్రం ఆరోజు ఆమెన్ అనలేదు. టైలరమ్మ అది గమనించలేదు.

కొన్నాళ్ళకు బ్యాంకులో పనిచేసే ఒకావిడ బట్టలివ్వడానికి వచ్చి, తన తల్లి సంగతి చెప్పింది. తల్లి పిల్లల బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. బాత్‌రూములో జారి తుంటి విరిగి మంచాన పడింది. "మా అమ్మకు కోపం ఎక్కువ. తల నన్నే ముట్టుకోనివ్వదు. మీరొకసారి ప్రయత్నిస్తారా?"

"అదెంతసేపు, రేపే వస్తాను," అంది టైలరమ్మ.

పెద్ద టీచరుగారి గది ఎంతో పొందికగా ఉంది. కిటికీ పక్కన మంచం, చేతికందే దూరంలో పుస్తకాలు, వాటి మీద కళ్ళజోడు. గోడలకు కొత్తగా రంగు వేసినట్టుంది, ఇంకా ఆ వాసన పోలేదు. ఆవిడ టైలరమ్మనూ, భుజానున్న ట్యూబునూ కిందా మీదా చూసింది.

"నువ్వేనా తలలు కడిగేది?"

"అవునండీ."

"ఆదివారాలు వాటి గురించి ప్రసంగాలు చేసేది కూడా నువ్వే కదూ?"

టైలరమ్మ బిత్తరపోయింది.

"మా గోడలకు రంగు వేసింది ఎవరనుకున్నావు? ఆ పెళ్ళాం నడుము విరిగినాయనే. నాలుగు రోజులు పనిచేశాడు, ఒక్కసారి తలెత్తలేదు. ఏమిటయ్యా అని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'మా ఆవిడ తలలో పేలున్నాయని మందిరమంతా నవ్వారటండీ' అన్నాడు." టీచరుగారి గొంతు లేవలేదు. లేచి ఉంటే టైలరమ్మకు తేలిగ్గా ఉండేది. "చూడమ్మా, నేను నడవలేను. నా ఒంటికి మిగిలింది కాస్త మర్యాద. దాన్ని నీ ఆదివారం కోసం ఇవ్వలేను. వెళ్ళిరా."

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. దారి పొడుగునా కోపంతో ఉడికిపోయింది. సాయం చేయబోతే ఇంత మాటంటుందా! ఇంటికెళ్ళకుండా తిన్నగా ఆమెన్ మామ్మ గదికి వెళ్ళి, ట్యూబు మూలకు విసిరేసి జరిగిందంతా చెప్పింది. మామ్మ తనతో పాటు తిడుతుందని ఎదురుచూసింది.

మామ్మ టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. "టీచరుగారు అన్నదాంట్లో అబద్ధమేముంది?"

టైలరమ్మ మూలనున్న ట్యూబు వైపు చూసింది.

"నీ తల కడిగినప్పుడు చెమట కంపు కొట్టింది. అట్టలు కట్టి ఉంది. చెప్పానా నేను ఎవరికైనా?"

"లేదు మామ్మా."

"ఎందుకు చెప్పలేదు? నేను గొప్పదాన్నని కాదు. నీ తల కడుగుతుంటే నా మనసు నీ మీద లేదు, నా మీదా లేదు. ప్రభువు మీద ఉంది. ఆయన శిష్యుల కాళ్ళు కడిగాక తువ్వాలు పక్కన పెట్టి అన్నానికి కూర్చున్నాడు. ఎవరి కాళ్ళకి ఎంత మట్టుందో ఊళ్ళో చెప్పుకు తిరగలేదు." మామ్మ తన గ్లాసులో టీ ఊదుకుంది. "నువ్వు మొదలెట్టింది కృతజ్ఞతతోనే. నాకు తెలుసు. మధ్యలో ఎక్కడో జనం 'ఆహా' అన్నారు. ఆ ఆహా నీకు అలవాటైంది. అంతే. అలవాటు మానుకోవచ్చులేవే. ఏడవకు, టీ ఉప్పగా అయిపోతుంది."

టైలరమ్మ ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. మంచంలో ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఎవరో నర్సు తన గురించి వరండాలో నవ్వుతూ మాట్లాడడం విని రోజంతా కళ్ళు తెరవకుండా పడుకున్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ బాధ తెలిసిన తానే ఇంకొకరికి అది చేసింది.

అక్కడి నుంచి వెనక వీధికి నడిచింది. రంగులేసే ఆయన గుమ్మంలో బ్రష్షులు కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు కానీ పలకరించలేదు. లోపల ఆయన భార్య దిండుకు ఆనుకుని ఉంది. టైలరమ్మ మంచం పక్కన గచ్చు మీదే కూర్చుంది.

"అక్కా, మందిరంలో నీ గురించి నవ్వులాటగా మాట్లాడాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."

ఆవిడ దుప్పటి అంచును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. చివరికి అంది, "తెలిసిన రోజు చచ్చిపోవాలనిపించింది. నిన్ను రావద్దని చెప్దామనుకున్నా. మళ్ళీ తల దురద గుర్తొచ్చి నోరు మూసుకున్నా."

ఆ మాట టైలరమ్మకు టీచరుగారి మాటల కన్నా లోతుగా దిగింది. అవసరం వల్ల అవమానాన్ని దిగమింగింది ఈ మనిషి.

"వచ్చే ఆదివారం అందరి ముందూ తప్పు ఒప్పుకుంటాను."

"అయ్యో, వద్దమ్మా తల్లీ! మళ్ళీ నా పేలే గుర్తొస్తాయి అందరికీ!" అంది ఆవిడ హడలిపోయి. గుమ్మంలో ఆవిడ భర్త పక్కున నవ్వాడు. తర్వాత ఆవిడా నవ్వింది. "నువ్వు నాకు చెప్పావు, చాలు. శనివారం వస్తావుగా?"

"వస్తానక్కా."

పాస్టరుగారికి మాత్రం విషయం చెప్పింది. ఇక నుంచి ముందుకు రానని, వెనక కూర్చుని పాటలు పాడతానని అంది. ఆయన "నేనే నిన్ను అక్కడ నిలబెట్టాను. నేనూ చూసుకోవాల్సింది," అన్నారు.

టీచరుగారి ఇంటికి మళ్ళీ వెళ్ళడానికి ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చింది. ఈసారి ట్యూబు తీసుకెళ్ళలేదు. కూతురు ఇచ్చిన బట్టలు కుట్టి తీసుకెళ్ళింది. గది గుమ్మం దగ్గరే నిలబడి, "మీరు చెప్పింది నిజమండీ. వాళ్ళింటికెళ్ళి క్షమాపణ అడిగాను. మీకు చెప్పాలనిపించింది," అని వెనుదిరిగింది.

"ఆగు," అంది టీచరుగారు. "లోపలికి రా. నువ్వు బట్టలు కుడతావు కదా. ఈ గౌను తలమీంచి తొడగాలంటే మా అమ్మాయి నన్ను ఎత్తాలి. ఎత్తినప్పుడల్లా నాకు ప్రాణం పోతుంది, దాని నడుం పోతుంది. దీనికేమైనా ఉపాయముందా?"

టైలరమ్మ గౌను తిప్పి చూసింది. వీపు నిలువునా తెరిచి, భుజాల దగ్గర నాడాలు పెడితే మనిషిని కదపకుండా ముందు నుంచి తొడగొచ్చు. తనకు అలాంటిదే ఉంటే బాగుండుననుకున్న రోజులున్నాయి. ఆ వారంలోనే మెత్తని నూలుబట్టతో రెండు కుట్టి తెచ్చింది. కొలతలు తీసుకుంటూ, తొడిగి చూస్తూ మాటలు కలిశాయి. టీచరుగారు పత్రికలో అచ్చుతప్పులు చదివి వినిపించేది. టైలరమ్మ విరగబడి నవ్వేది. తలమాట ఇద్దరూ ఎత్తలేదు.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం టీచరుగారు కిటికీ వైపు చూస్తూ మామూలుగా అడిగింది: "మీ ఆయన ట్యూబులో గాలి ఉందా?"

గాలి మామ అప్పటికప్పుడు స్కూటరు మీద తెచ్చి ఇచ్చి, వీధిలోనే నిలబడ్డాడు. కూతురు నీళ్ళు కాచింది. టైలరమ్మ తన మణికట్టు మీద పోసుకుని వేడి చూసి, టీచరుగారి మెడను ట్యూబు అంచు మీద ఆనించి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు వంచింది. తెల్లజుట్టు నీళ్ళలో విచ్చుకుంది. మొదట బిగుసుకుని ఉన్న ఆవిడ మెడ నెమ్మదిగా వదులైంది. కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు జారాయి. టైలరమ్మ చూడనట్టే, మగ్గుతో మరికాసిని నీళ్ళు అటువైపే పోసింది.

"అమ్మా, నేను కూడా నేర్చుకుంటాను," అంది కూతురు పక్కన నిలబడి. టీచరుగారు కళ్ళు తెరవకుండానే "ఊ" అంది. టైలరమ్మ పక్కకు జరిగి మగ్గు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. తల్లి తల కూతురి చేతుల్లోకి మారింది.

తల తుడిచి, దువ్వి, దిండు మార్చాక టీచరుగారు అడిగింది, "ఎవరికైనా చెప్తావా?"

"ఒక్కరికే చెప్తానండీ. ప్రార్థనలో."

"ఏమని?"

"ఏమని ఉంటుందండీ? ఈ చేతులు నాకు తిరిగిచ్చినందుకు, వాటికి ఇవాళ ఇంత మంచి పని ఇచ్చినందుకు స్తోత్రం అని."

టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది. దేవుడి మాట ఆవిడ నోట ఎప్పుడూ వచ్చేది కాదు.

"అయితే నా తరఫున కూడా ఒకటి చెప్పు," అంది. "పేరు చెప్పకు."

"ఆయనకు తెలుసులెండి," అంది టైలరమ్మ.

ఆమె బయటికొచ్చేసరికి గాలి మామ స్కూటరు సీటు మీద వాన నీళ్ళు తుడుస్తున్నాడు. భార్య ముఖం చూసి స్కూటరు స్టార్ట్ చేశాడు. టైలరమ్మ తడి ట్యూబును ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. షాంపూ వాసన వేస్తున్న వేళ్ళను ఒకసారి ముడిచి, తెరిచింది. వీధి దాటేలోపు తనదొకటి, టీచరుగారిదొకటి, రెండు స్తోత్రాలూ చెప్పేసింది.